ఆంగస్ అనే పేరుకు నేను చూసిన అక్షరం

పంచాంగం చూడటం నాకు ఎవరూ నేర్పలేదు. జర్మనీలోని బ్యోబ్లింగెన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ, సెలవు రోజుల్లో పుస్తకాలు ముందేసుకుని నేర్చుకున్నాను. ఇక్కడి తెలుగువాళ్ళు బిడ్డ పుడితే నక్షత్రం, పాదం, పేరుకు మొదటి అక్షరం నన్ను అడుగుతారు. యాప్ ఉన్నా అడుగుతారు. చేత్తో వేసి, రెండుసార్లు సరిచూసి చెబుతానని వాళ్ళకు తెలుసు.

కరోనా మొదలైన ఏడాది ఏప్రిల్‌లో మా పై అంతస్తులో ఉండే హనుమకొండ అమ్మాయికి కొడుకు పుట్టాడు. ఆమె భర్తది స్కాట్లాండ్. అతని తండ్రి అక్కడ ఆసుపత్రిలో కరోనాతో ఉన్నాడు. చూడటానికి ఎవరినీ రానివ్వడం లేదు. మొదటి మగబిడ్డకు నాన్న తండ్రి పేరు పెట్టడం వాళ్ళ పాత ఆనవాయితీ. పెద్దాయన పేరు ఆంగస్. ప్రాణం ఉండగానే ఆ పేరు మనవడికి పెట్టగా ఆయన వినాలని కొడుకు ఆరాటం.

మెట్ల మీద మాస్కుతో, నాకు ఆరు మెట్ల దూరంలో నిలబడి, అతను ఆ పేరు సంగతి చెప్పాడు. అక్కడి పాత భాష గేలిక్‌లో మొదటి సగానికి అర్థం 'ఒకటి' అనే అంకె. రెండో సగం బలమని కొందరు, ఎంపిక అని కొందరు అంటారట. వెయ్యేళ్ళకు ముందే అక్కడ ఆ పేరుతో రాజులున్నారు. తూర్పు తీరాన ఒక ప్రాంతానికీ అదే పేరు, అక్కడి కొమ్ముల్లేని నల్ల పశువులకూ అదే.

"ఏ అర్థం సరైనది?" అని అడిగాను.

"మా నాన్నను అడిగితే రెండూ తనకే సరిపోతాయంటాడు."

వెనక నుంచి అమ్మాయి, "బాబాయ్, ఆ పశువుల మాట మా అమ్మ దగ్గర ఎత్తకు. మాంసం ప్యాకెట్ మీద ఉండే పేరని తెలిస్తే ఇంక అంతే" అంది.

వాళ్ళమ్మ ప్రసవానికి రావలసింది. విమానాలు ఆగిపోయి, వీసా చేతిలో పట్టుకుని హనుమకొండలోనే ఉండిపోయింది. నాకు ఫోన్ చేసింది.

"తమ్మీ, తాత పేరు మనం గూడ పెడ్తం. నాకేం అడ్డం లేదు. కానీ అక్షరం కలవాలె. కలవకపోతే నా నోటితోని ఆ పేరు పిల్వ. నువ్వే చూసి చెప్పు."

అమ్మ కాదంటే ఆ పేరు పెట్టనని అమ్మాయి ముందే చెప్పింది.

నా పంచాంగం భారత కాలంలో ఉంటుంది. ఇక్కడి సమయానికి ఎన్ని గంటలు కలపాలో నోటుబుక్కు అట్ట లోపల చీటీ అంటించుకున్నాను. చీటీలో నాలుగున్నర అని ఉంది. బిడ్డ పుట్టింది ఉదయం ఆరూ పదికి. కలిపితే పదీ నలభై. పదీ ఐదుకు కృత్తిక మొదటి పాదం వచ్చింది. అక్షరం ఆ. రెండుసార్లు కూడి చూసుకుని, కలిసిందని చెప్పాను.

పదకొండో రోజున పేరు పెట్టారు. పళ్ళెంలో బియ్యం మీద, భార్య రాసిచ్చిన తెలుగు అక్షరాలు చూసుకుంటూ తండ్రి ఉంగరంతో రాశాడు. హనుమకొండ నుంచి అమ్మమ్మ ఫోన్‌లో ఆ పేరు మూడుసార్లు పిలిచింది. స్కాట్లాండ్‌లో ఒక నర్సు పెద్దాయన చెవి దగ్గర ఫోన్ పట్టుకుంది. కళ్ళు తెరిచాడని, పెదాలు కదిపాడని చెప్పింది. ఆ తర్వాత నాలుగో రోజు ఆయన పోయాడు.

ఆ వేసవిలో పెళ్ళిళ్ళు లేవు, గృహప్రవేశాలు లేవు. నోటుబుక్కు తీసే పని పడలేదు. అక్టోబరులో ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పే ఆదివారం, చీటీ మార్చడానికి తెరిచాను. ఏటా మార్చిలో గంట ముందుకు తిప్పినప్పుడు మూడున్నర చీటీ, అక్టోబరులో నాలుగున్నర చీటీ అంటిస్తాను. అట్ట లోపల నాలుగున్నరే ఉంది. మార్చిలో మార్చనే లేదు.

కూర్చుని మళ్ళీ వేశాను. తొమ్మిదీ నలభై. భరణి నాలుగో పాదం. అక్షరం లో. కూడిక రెండుసార్లు చూశాను గాని, చీటీ ఒక్కసారి కూడా చూడలేదు.

మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. నాలుగో రోజు హనుమకొండకు ఫోన్ చేసి చెప్పాను. రాశి మారలేదని కూడా అనబోయి, సాకులా ఉంటుందని ఊరుకున్నాను. ఆమె ఒకటే అడిగింది.

"సరిగ్గ చూసుంటే అప్పుడేం జెప్తుంటివి?"

"కలవలేదని చెప్పేవాణ్ణి అక్కా."

"నేను పిల్వకపోతుంటి."

నోటుబుక్కు నా ముందు తెరిచే ఉంది.

"ఆ పెద్దమనిషి వినకుండనే పోతుండె" అంది. మళ్ళీ తనే, "లో తోటి ఒక పేరు నా మనసుల పెట్టుకుంట, పూజల చెప్పెతందుకు. పిల్లకు జెప్పకు. ఇంకోటి, ఆ మాంసం ప్యాకిట్ల సంగతి అల్లుడు ఎప్పుడో చెప్పిండు. నాకు తెల్వదనుకుంటున్నది అది."

నోటుబుక్కులో తప్పు లెక్క కొట్టెయ్యలేదు. దాని కిందే సరైనది రాశాను. పై అంతస్తులో వాణ్ణి పేరు పెట్టి పిలిచినప్పుడల్లా, ఇప్పటికీ ఆరూ పదికి మూడున్నర కలుపుకుంటాను.