మూడో పీరియడ్‌లో నళిని

నళిని గుంటూరు జిల్లా కబడ్డీ జట్టులో ఆరేళ్లు ఆడింది. కూతకు వచ్చిన మనిషి చీలమండ చేతికందితే ఇక వదిలేది కాదు. అమెరికా వచ్చాక, ఇర్వింగ్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా పనిచేస్తూ, నలభై రెండేళ్ల వయసులో ఆడవాళ్ల ఐస్ హాకీ లీగ్‌లో చేరినప్పుడు భర్త దివాకర్ బెంగపడ్డాడు.

"కబడ్డీకన్నా మొరటు ఆటా ఇది? ఒంటినిండా ప్యాడ్లేగా" అని నవ్వేసిందామె.

నెల తిరక్కుండానే ఆ మాట వెనక్కి తీసుకుంది. కబడ్డీలో మీదికొచ్చే మనిషి కళ్లెదుటే ఉంటుంది. కింద మట్టో మ్యాటో కాస్త ఓర్చుకుంటుంది. ఇక్కడ దెబ్బ ఎటునుంచి వస్తుందో తెలియదు. స్కేట్ల బ్లేడ్ల మీద దూసుకొచ్చే మనిషి ఆగాలనుకున్నా ఆగలేదు. కావాలని గుద్దడం ఆ లీగ్‌లో నిషేధమే అయినా, తొడమీద పాత కమిలిన మచ్చ మానేలోపే కొత్తది తేలేది.

ఆ ఆదివారం సెమీఫైనల్. చివరిదైన మూడో పీరియడ్‌లో ఇంకా నాలుగు నిమిషాలుంది. నళిని జట్టు ఒక గోల్ ముందుంది. మూలకు జారిన రబ్బరు బిళ్ల, పక్ కోసం ఆమె వెళ్లింది. వెనకనుంచి వస్తున్న అవతలి జట్టు అమ్మాయి అదుపు తప్పి ఆమెను గుద్దుకుంది. నళిని హెల్మెట్ రింక్ చుట్టూ ఉన్న గోడకు కొట్టుకున్న చప్పుడు దివాకర్ కూర్చున్నచోటికి వినిపించింది. అతను లేచి నిలబడ్డాడు.

నళిని కూడా లేచింది. బెంచీ దగ్గర కెప్టెన్ స్పందన ఆపింది. ఇక్కడే పుట్టి పెరిగిన పాతికేళ్ల పిల్ల.

"ఆంటీ, ఆర్ యూ ఓకే? నిజం చెప్పండి."

"ఓకే. నెక్స్ట్ షిఫ్ట్ నేనే వెళ్తా."

నిమిషానికోసారి మంచు మీద మనుషులు మారే ఆట అది. చెవుల్లో హోరు. స్కోర్‌బోర్డు అంకెలు రెండేసిగా కనిపిస్తున్నాయి. ఒకప్పుడు మోకాలు వాచినా చివరిదాకా ఆడి శెభాష్ అనిపించుకుంది. ఇప్పుడూ అలాగే పళ్లు బిగబట్టింది.

"ఆంటీ, గో."

నళిని ఒక కాలు బెంచీ ముందున్న పొట్టి గోడ దాటించింది. ఎటు వెళ్లాలో తోచలేదు. రెండు గోల్స్‌నీ మార్చి మార్చి చూసింది. కాలు వెనక్కి తీసుకుంది.

"స్పందనా, మన గోల్ ఎటువైపో తెలీట్లేదే నాకు."

స్పందన వెంటనే ఇంకొకమ్మాయిని పంపి, నళినిని పట్టుకుని కూర్చోబెట్టింది. నలభై సెకన్లు ఉందనగా అవతలివాళ్లు స్కోరు సమం చేశారు. ఓవర్‌టైమ్‌లో గెలిచేశారు.

నళిని స్కేట్ల లేసులు దివాకర్ విప్పాడు.

"ఇంక చాల్లే నళినీ."

ఆమె కారులో వాంతి చేసుకుంది. మెదడు అదిరిందని, ఆ స్థితిలో మరో దెబ్బ తగిలితే ప్రాణం మీదికి వచ్చేదని డాక్టర్ చెప్పింది. మూడు వారాలు కర్టెన్లు వేసిన గదిలో, ల్యాప్‌టాప్ ముట్టకుండా గడిపింది. తనవల్లే ఓడిపోయారని కుమిలిపోతుంటే స్పందన వచ్చి పక్కన కూర్చుంది.

"కాలేజ్‌లో నాకూ అయ్యింది ఆంటీ. ఎవరికీ చెప్పలే. ఆడేశా. ఒక సెమిస్టర్ మొత్తం పోయింది."

డాక్టర్ సరేనన్నాక, నాలుగో నెలలో, చాల్లే అన్న దివాకరే, ఇక దెబ్బ దాచదని నమ్మకం కుదిరి, ఆమెను రింక్‌కి తీసుకెళ్లాడు. మొదటి రోజు ఎవరైనా దగ్గరికొస్తే చాలు, గోడకు అతుక్కుపోయింది. మూడో వారానికిగాని మూలలో పక్ కోసం అవతలివాళ్లతో భుజం కలిపి పోటీపడలేకపోయింది.