ఎడమచేతి తుపాకీ

మా పక్కింట్లో దొంగలు పడ్డది పట్టపగలు. ఆ సమయంలో నేను మేడ మీది గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆఫీస్ మీటింగ్‌లో ఉన్నాను. ఏమీ వినపడలేదు. నా భర్త వారంలో సగం రోజులు టెక్సస్‌లో, ఇర్వింగ్ ఆఫీసులోనే ఉంటాడు. అన్నాళ్లూ అరిజోనాలోని ఈ చాండ్లర్ ఇంట్లో నేనొక్కదాన్నే.

ఆ శుక్రవారం అతను ఇంటికి రాగానే చెప్పాను.

"నేనో గన్ కొంటాను."

"జోక్ చేస్తున్నావా? కెమెరాలు పెట్టిద్దాం, అలారం పెట్టిద్దాం."

"అవీ పెట్టిద్దాం. ఇదీ కొంటాను."

అతనికి ఇష్టం లేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది. అయినా కాదనలేదు. ముందు గన్ దాచే సేఫ్ కొని గోడకు బిగించాలి, ముందు నువ్వు సరిగ్గా నేర్చుకోవాలి, అన్నాడు. న్యాయమే అనిపించింది.

ఊరి చివరి షూటింగ్ రేంజ్‌లో చేరాను. నేర్పేది రిటైరైన స్కూల్ టీచర్, పెద్దావిడ, అమెరికన్. మొదటిరోజు నా చేతికో పొట్టి రైఫిల్ ఇచ్చింది. వెనకభాగం మడిస్తే నా ల్యాప్‌టాప్ బ్యాగ్‌లో పడుతుంది. ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా ఒక్క గుండు పేలి, తర్వాతిది దానంతటదే ఎక్కుతుంది. పేలాక మిగిలే ఇత్తడి గొట్టం కుడిపక్క నుంచి ఎగిరి బయటపడుతుంది.

నాది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు కొట్టి మరీ అన్నం కుడిచేత్తో తినిపించారు కానీ, పెన్ను మాత్రం మార్పించలేకపోయారు. రైఫిల్ కూడా ఎడమ భుజానికే వెళ్లింది. కాసేపటికి ఓ గొట్టం ఎగిరి, పక్కనున్న అడ్డుగోడకు తగిలి వెనక్కొచ్చి, నా కుర్తీ మెడలోంచి లోపలికి జారింది. పెనం మీంచి తీసి వేసినట్టు చుర్రుమంది. ఏం జరిగినా రైఫిల్ మూతి ముందుకే ఉండాలని ఆవిడ పదేపదే చెప్పిన మాట ఎలా గుర్తొచ్చిందో, పళ్లు బిగబట్టి దాన్ని బల్లమీద పెట్టాను. ఆ తర్వాతే కుర్తీ దులుపుకుంటూ గెంతాను.

ఆవిడ నవ్వుతూ వచ్చి కాలినచోట చన్నీళ్ల గుడ్డ పెట్టింది. "చాలామంది గన్‌తో సహా వెనక్కి తిరిగేస్తారు. అందుకే ఆ మాట అన్నిసార్లు చెప్తాను," అంది. "గొట్టాలు ఎడమవైపు పడేలా మార్చుకునే రైఫిళ్లు ఉంటాయి. అలాంటిది చూడండి."

అలాంటిదే కొన్నాను. షాపతను లోపలి భాగాలు తీసి, అటుదిటు బిగించి ఇచ్చాడు. భుజానికి ఆనించి చూసుకుంటే, కత్తెర దగ్గర్నుంచి క్లాసు కుర్చీ దాకా అన్నిటికీ నేనే సర్దుకున్నాను కదా, ఇదొక్కటి నాకోసం సర్దుకుంది అనిపించింది.

వేసవిలో ఓ మధ్యాహ్నం మా పెరటి గేటును ఎవరో గట్టిగా ఊపుతున్న చప్పుడైంది. కెమెరాలు ఇంకా రాలేదు. ఒక్క పరుగున సేఫ్ దగ్గరికి వెళ్లి, దాని నంబర్ల మీటల మీద వేలు పెట్టాను. అక్కడే ఆగిపోయాను. బయట ఎవరున్నారో కూడా నేనింకా చూడలేదు.

వెనక్కొచ్చి మేడమీది కిటికీ తీసి, "ఎవరది?" అని అరిచాను ఇంగ్లీషులో.

కింద ఒకతను పొడవాటి వలకర్ర పట్టుకుని నిలబడ్డాడు. చెమటతో చొక్కా తడిసిపోయింది. "పూల్ క్లీన్ చేయడానికి వచ్చానండీ. గేటు తెరుచుకోవట్లేదు."

"మాకు పూల్ లేదు. పక్కిల్లు!"

అతను సిగ్గుపడి బోలెడుసార్లు సారీ చెప్పాడు. కిందికెళ్లి చల్లటి నీళ్ల సీసా ఇచ్చాను. అతను వెళ్లాక మెట్లమీద కూర్చున్నాను.

నా భర్తకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను.

"సేఫ్ తెరిచావా?"

"లేదు."

"భయమేసిందా?"

"అతను వచ్చినందుక్కాదు. నేను పరిగెత్తినందుకు."

"సరే. ఈ శనివారం నేనూ వస్తా రేంజ్‌కి."

వచ్చాడు. రెండు గుండ్లు పేల్చి, తన వల్ల కాదని అద్దాల గోడ వెనక కాఫీ పట్టుకు కూర్చున్నాడు. నేను తాపీగా కాగితం మీది నల్లచుక్కను గురిచూసి కాల్చుకున్నాను. బయటికొచ్చాక, "నిజంగానే బాగా కొడతావే," అన్నాడు, ఆశ్చర్యాన్ని దాచుకోకుండా. చేతులు సబ్బుతో శుభ్రంగా కడుక్కుని, ఇద్దరం దోసెలు తినడానికి వెళ్లాం.