పదకొండో స్తంభం దాకా

మా మామయ్య లెక్కలో లోకంలో ఏ జబ్బుకైనా మందు ఒకటే: ఇంకాస్త గాలి. పొయ్యి సరిగ్గా మండకపోతే గాలి. పక్కింటి చంటిది ఏడుపు ఆపకపోతే దాని మొహం మీద ఉఫ్ మని గాలి. అత్తయ్య అలిగి పడుకుంటే ఇంట్లో కిటికీలన్నీ బార్లా తెరిచేవాడు.

"కిటికీలు తెరిస్తే నా అలక పోతుందా?" అనేది అత్తయ్య.

"అలక పోదులే. తిట్లు బయటికి పోతాయి."

వీధి వీధంతా ఆయన్ని గాలి మామయ్య అనే పిలిచేది. ఇంటి పక్కనే రిపేరు షెడ్డు. చెయ్యి తిరిగిన మెకానిక్కు. ఆయన ముట్టుకుంటే ఎవరి బండైనా బుద్ధిగా నడిచేది, ఒక్క ఆయన సొంత కారు తప్ప.

దాని పేరు ముసల్ది. షెడ్డు ముందు నుంచే మిట్ట మొదలవుతుంది. పైన నీళ్ళ ట్యాంకు, దారి పొడుగునా పదకొండు దీపస్తంభాలు. ముసల్ది రొప్పుకుంటూ ఏడో స్తంభం దాకా ఎక్కి, అక్కడ కూలబడేది. మళ్ళీ వెనక్కి జారుతూ ఇల్లు చేరేవాళ్ళం.

"దీనికి ఊపిరి చాలట్లేదమ్మడూ," అనేవాడు మామయ్య. "ఇంజన్లోకి గాలి తోశామనుకో, పదకొండూ ఎక్కేస్తుంది."

నా చదువు తొమ్మిదో తరగతితో ఆగిపోయింది. అమ్మ రెండేళ్ళ పాటు మంచం పట్టడంతో ఇంటిపని నా మీద పడింది. అమ్మ లేచి తిరిగేసరికి నా తోటివాళ్ళు రెండు తరగతులు దాటిపోయారు. బడికి వెళ్ళినన్నాళ్ళూ నేను నోరు విప్పింది హాజరుకే. జవాబు నాలుక చివరిదాకా వచ్చేది, అక్కడ కూలబడేది. "మీ అమ్మాయికి మాటలు వచ్చా?" అని టీచర్లు అమ్మని అడిగేవాళ్ళు. చివరికి అమ్మ నన్ను తన అన్నయ్య దగ్గరికి పంపింది. మామయ్య ఏమీ అడగలేదు. ఒక లావుపాటి నోటుబుక్కు నా చేతిలో పెట్టాడు.

"నేను గాలి కొడతా. నువ్వు రాయి."

మొదటి ప్రయోగం, అత్తయ్య జుట్టు ఆరబెట్టుకునే మిషను. ఇంజను గాలి పీల్చే గొట్టం మూతికి దాన్ని గుడ్డపేలికలతో కట్టాడు. బ్యాటరీ కాస్తా నీరసపడి హారను మూగబోయింది. ఆరో స్తంభం. రెండోది కొలిమి తిత్తి. బానెట్టు తీసేసి, గొట్టాన్ని ముందు సీటు దాకా లాగి, తిత్తి నాచేత ఒత్తించాడు. ఆరున్నర. మూడోది దుమ్ము పీల్చే మిషను, తిరగేసి. అందులో దాగున్న ఏడాది దుమ్ము మా ఇద్దరి మొహాల మీదికి వచ్చింది.

"ఎంతమ్మడూ?"

నేను ఐదు వేళ్ళు చూపించాను.

"ఏడని రాసెయ్, ఎవరు చూడొచ్చారు?"

నేను తల అడ్డంగా ఊపి, ఐదే రాశాను. మామయ్య ఆ దుమ్ము మొహంతోనే నవ్వాడు.

ఈ గొడవలన్నిటి మధ్యా అత్తయ్యకి ఇంకో గొడవ. "వారానికొక మసిగుడ్డ మాయమైపోతోంది! నీలం గళ్ళవి, డజను కొన్నాను. ఏమవుతున్నాయండీ?"

"గాలికి ఎగిరిపోయుంటాయే."

ఒకరోజు తిత్తి ఒత్తుతుంటే, నేను లోపలికి తోసిన గాలి తిరిగొచ్చి నా ముంజేతికే తగిలింది. మళ్ళీ ఒత్తాను. మళ్ళీ తగిలింది. పాత పేజీలు తిరగేశాను. ఎంత గాలి తోసినా ముసల్ది ఒక్కసారీ ఏడు దాటలేదు. అంటే లోపల ఏదో అడ్డముంది. తీసేస్తే ఏ మిషనూ అక్కర్లేదు. ఈ ముక్క మామయ్యకి చెప్పాలి. నలభై ఏళ్ళుగా బళ్ళు బాగుచేస్తున్న మనిషికి నేను చెప్పడమా! రోజూ ఆయన దాకా వెళ్ళడం, నోరు తెరవడం, "టీ తాగుతావా మామయ్యా?" అని అడిగి రావడం. రెండు నెలలు ఆయనకి టీలే టీలు.

ముప్ఫై ఒకటో ప్రయోగంలో అత్తయ్య మిక్సీ మోటారు కాలిపోయింది. ఆమె కొంగు బిగించి షెడ్డులోకి వచ్చింది.

"శనివారం లోపు ఆ ముసల్ది ట్యాంకు దాకా ఎక్కాలి. ఎక్కలేదా, పాత ఇనుములోకే. మధ్యలో నా ఇల్లు ఇనుమైపోతోంది!"

"సరేలేవే," అన్నాడు మామయ్య. ఎదురాడకపోయేసరికి అత్తయ్యే కంగారుపడింది.

శనివారం రానే వచ్చింది. పాత సామాన్లు కొనే అతను ముసల్దాని ముందు కమ్మీకి తాడు కడుతున్నాడు. నేను నోటుబుక్కు గుండెకి అదుముకుని నిలబడ్డాను.

"ఇంకేమైనా రాయాలా అమ్మడూ?"

"గొట్టంలో..." అన్నాను.

మామయ్య చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "ఏంటీ?"

"గొట్టంలో ఏదో అడ్డముంది."

"గట్టిగా చెప్పవే, వీధిలో గాలి హోరు!"

ఆకు కదలట్లేదు. నాకు ఒళ్ళు మండింది.

"గొట్టంలో అడ్డముంది మామయ్యా! ముప్ఫై ఒక్కసార్లూ గాలి వెనక్కే వచ్చింది! ముందు దాన్ని తియ్యి!"

తాడు కడుతున్నతను తాడు వదిలేశాడు. పక్కింటి చంటిది ఏడుపు ఆపేసింది. మామయ్య గొట్టం ఊడదీసి నా చేతికిచ్చాడు. రెండు వేళ్ళు పెట్టి లాగాను. నీలం గళ్ళ గుడ్డ.

"అది నా మసిగుడ్డ!" అని కేక పెట్టింది అత్తయ్య.

ముసల్ది ఎనిమిది దాటింది, తొమ్మిది దాటింది, పదకొండో స్తంభం దగ్గర ఆగమన్నా ఆగలేదు. ట్యాంకు కింద దిగి కూర్చున్నాం. గుడ్డ నా ఒళ్ళోనే ఉంది. అప్పుడు చూశాను. ఇన్నాళ్ళుగా గొట్టంలో ఉన్న గుడ్డ నల్లగా మసిబారిపోయి ఉండాలి. ఇది సబ్బు వాసన వస్తోంది.

"మామయ్యా, ఈ గుడ్డ శుభ్రంగా ఉంది."

"ఊ? గాలికి కొట్టుకొచ్చుంటుంది."

"నేను చెప్పకపోయుంటే?"

"తాడు కట్టి లాక్కుపోయేవాడు."

"పోనిచ్చేవాడివా?"

"ఇనుమే కదే." ట్యాంకు వైపు చూస్తూ గొంతు సవరించుకున్నాడు. "ఇంత గొంతు లోపల పెట్టుకుని, నాచేత అన్ని టీలు తాగిస్తావా?"

ఇప్పుడు షెడ్డుకి ఎవరొచ్చినా, "ముందు మా అమ్మాయికి చెప్పండి," అంటాడు. నేను విని, జబ్బేమిటో చెబుతాను, వీధి చివరిదాకా వినపడేలా. ఆయన గాలి పిచ్చి మాత్రం తగ్గలేదు. మొన్న బెలూన్లు ఊదే పంపు తెచ్చాడు. కానీ నేనిప్పుడు ఏ ప్రయోగానికైనా ముందు గొట్టంలో వేలు పెట్టి చూస్తాను. మొన్నా ఒకటి దొరికింది. నీలం గళ్ళది, నాలుగు మడతలు వేసి, చక్కగా ఇస్త్రీ చేసి ఉంది.

మామయ్యకి ఇస్త్రీ చేయడం రాదు.