డాబా మీది గుర్రపుడెక్క

వీధిలో అందరూ ఆయన్ని డెక్క బాబాయి అంటారు. పంతొమ్మిదేళ్లుగా ఊరి చెరువులో గుర్రపుడెక్క పీకడమే ఆయన ఉద్యోగం. ఎక్కడో పరాయి దేశం నుంచి వచ్చి, నీళ్లని చాపలా కప్పేసి, చేపలకి ఊపిరాడకుండా చేసే మొక్క అది. గట్టున పడేసినంత మాత్రాన చావదు. వేళ్లు పైకి పెట్టి వారం రోజులు ఎండలో మాడ్చాలి. ఈ విషయంలో బాబాయిది మహా చాదస్తం. తలకిందులు కాని మొక్క ఒక్కటి కనబడినా జట్టులోని నలుగురికీ తలవాచేలా చీవాట్లు పడేవి.

ఈ ఏడు చెరువు మొత్తం శుభ్రమైంది. నెల తిరక్కుండానే మురుగుకాలవ కలిసే మూల మళ్లీ పచ్చబడింది.

"ఎక్కణ్నుంచి వస్తోందో వారంలో తేల్చు. లేదంటే మిషను పెట్టిస్తా, మీ ఐదుగురూ ఇళ్లకి పోవచ్చు" అన్నాడు పని చూసే శానిటరీ ఇన్‌స్పెక్టరు.

బాబాయి కాలవ వెంట ఎగువకి నడుస్తూ రెండు రోజులు ప్రతి తూములోకీ వంగి చూశాడు. మూడోరోజు ఒక గొట్టంలోంచి చిన్న పిలక జారిపడింది. తలెత్తి చూస్తే అది తన డాబా గొట్టమే. పైన సిమెంటు తొట్టి, అందులో ఊదారంగు పూలు. ఉద్యోగంలో చేరిన రోజు కొత్త పెళ్లాం కోసం తడి తువ్వాల్లో చుట్టి తెచ్చింది తనే. ఇన్నేళ్లూ ఆ తొట్టి పక్కనే కూర్చుని కాఫీ తాగాడు. అది గుర్రపుడెక్క అన్న సంగతి ఒక్కరోజూ తట్టలేదు. చెరువులో ఉన్నది కలుపు, ఇంట్లో ఉన్నది పూలమొక్క.

"దీన్ని తీసెయ్యాలే" అన్నాడు భార్యతో, తొట్టివైపు చూడకుండా. ఆమెకి అది ప్రాణమని, ఇక తనతో మాట్లాడదని ఆయనకి నిజంగానే భయం వేసింది.

ఆమె బట్టలు ఆరేయడం ఆపలేదు. "పిలకలు పదకొండు ఇళ్లకి ఇచ్చాను. వాటి సంగతేంటి?"

"ఎవరెవరికి?" అన్నాడు బాబాయి. ఆమె వేళ్లమీద లెక్కపెట్టి ఇళ్లన్నీ చెప్పింది. సాయంత్రానికి జట్టు అన్ని తొట్లూ ఖాళీ చేసింది. తమ తొట్టిలోది మాత్రం ఆమే పీకింది.

ఇన్‌స్పెక్టరుకి ఇవ్వాల్సిన కాగితంలో 'మొక్క తెచ్చినవారు' అన్నచోట బాబాయి తన పేరే రాశాడు. రాస్తే తన ఉద్యోగం ఊడొచ్చు, రాయకపోతే ఐదుగురివీ పోతాయి. 'కారణం' దగ్గర 'భార్యకి ఆ పూలంటే ఇష్టం' అని రాసి, ఆమెకి చదివి వినిపించాడు.

"అబద్ధాలు రాయకండి. నాకా రంగే పడదు" అందామె. "మీరు తెచ్చారని పెంచాను."