నూట పదిహేను చూపిన ముల్లు

ఇరవై ఏళ్లు పైనే అయింది, ఒక మాట కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. పెద్ద బరువు మోశానని చెప్పుకుంటే నాకే నవ్వొస్తుంది. అన్నం సహించింది, నిద్ర పట్టింది, పిల్లల పెళ్లిళ్లు చేశాను. కానీ ఎవరైనా నన్ను నికార్సైన మనిషి అంటే మాత్రం తల దించుకుని చెప్పుల వైపు చూస్తాను. మీరెవరో నాకు తెలీదు. అదే మంచిది. తెలిసిన ముఖం ఎదురుగా ఉంటే ఇది నోట్లోంచి రాదు. ప్రయత్నించి చూశాను.

విశాఖలో ఒక కర్మాగారంలో, వేడిని కొలిచే మీటర్లు చూసే విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. కొలిమి లోపల ఎంత వేడి ఉందో బయట గదిలో కూర్చున్నవాడికి సరిగ్గా తెలియజేయడం మా పని. ఒక్క డిగ్రీ తేడా వచ్చినా ఊరుకునేవాణ్ణి కాదు. ఆ గీర నాకు దండిగా ఉండేది.

మా అక్క మొగుడు, అంటే మా బావ, పోర్టులో సరుకు దింపించే పనులు చూసేవాడు. ఆయనకు కార్ల పిచ్చి. రెండువేలు దాటిన కొత్తల్లో ఒక పాత కారు కొని, పందేలకు తగ్గ ఇంజను కట్టించాడు. కట్టిన మెకానిక్‌ది గాజువాక వైపు షెడ్డు. ఆయన్ని ఇక్కడ సన్యాసిరావు అంటాను. మాకందరికీ సన్నాసి మావ. నాలుగు నెలలు కూర్చుని, బేరింగుల దగ్గర సందు వెంట్రుకవాసి తేడా లేకుండా చూసి కట్టాడు. అంత మంచి ఇంజను అంతకుముందు కట్టలేదని ఆయనే చెప్పుకునేవాడు.

అలాంటి ఇంజనుకు ఆయిలే ప్రాణం. చల్లగా ఉన్నప్పుడు తొక్కితే, చిక్కగా ఉండి అన్ని సందుల్లోకీ పోదు. మరీ కాగితే నీళ్లలా పలచబడిపోతుంది, ఇనుము ఇనుమును రాసుకుంటుంది. నూట పది డిగ్రీల దగ్గర ఉంటే నిశ్చింత. నూట ముప్పై దాటితే కాలు తీసేయాలి. బావకు ఇదంతా నేర్పింది నేనే. ఆయిలు వేడి చూపే మీటరు బిగించిందీ నేనే. పాత సామాన్ల కొట్లో దొరికిన మీటరు, దానికి వేడిని పసిగట్టే రెండు లోహాల తీగ. కారుకు పెట్టేముందు మా వంటింట్లో మరిగే నీళ్లలో తీగ ముంచి చూపించాను. ముల్లు సరిగ్గా వంద మీద నిలబడింది. బావ ఆ సంగతి పోర్టంతా చెప్పుకున్నాడు.

మధురవాడ దాటాక, ఇప్పుడు అపార్టుమెంట్లు లేచిన చోట, అప్పట్లో ఖాళీగా ఒక కొండదారి ఉండేది. కార్ల పిచ్చి ఉన్నవాళ్లు నలుగురూ చేరి అక్కడ మూడుసార్లు కొండెక్కే పందెం పెట్టుకున్నారు. వారం ముందు బావ కారు రెండుసార్లు ఎక్కించి దించాడు. ముల్లు నూట పది. సన్నాసి మావ కారు కిందికి దూరి, ఆయిలు నిలిచే గిన్నె మీద నీళ్లు చిలకరించాడు. ఏ ఇంజను వేడైనా ఆయన అలాగే చూసేవాడు.

“అల్లుడూ, నీళ్లు పడ్డం ఏటి, సుయ్యిమని ఎగిరిపోతన్నాయి. ఇది నూట పది కాదు. ఆయిలు సల్లారడానికి ఓ సిన్న రేడియేటరు ఎట్టిద్దాం.”

“ఇదేటి మావా, అట్ల పెనమా?” అన్నాను.

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. రేడియేటరు మాట అక్కడితో పోయింది.

పందెం ఆదివారం. శుక్రవారం నాడు డ్యూటీలో, కొలిమి దగ్గర కొత్త వైరు లాగుతుంటే నా చెయ్యి ఆగిపోయింది. ఆ రెండు లోహాల తీగకు మీటరు దాకా అదే జాతి వైరు ఉండాలి. నా దగ్గర పొడుగు చాలక బావ మీటరుకు మధ్యనుంచి మామూలు రాగి వైరు అతికాను. ఆ అతుకు బానెట్టు లోపల, ఇంజను పక్కనే ఉంది. అక్కడి వేడి అంతా లెక్కలోంచి ఎగిరిపోతుంది. మీటరు ముప్పై, నలభై డిగ్రీలు తక్కువ చూపిస్తుంది. వంటింట్లో అతుకు చల్లగా ఉంది కాబట్టి నీళ్ల పరీక్షలో పట్టుబడలేదు. మా విభాగంలో కొత్తగా చేరినవాడికి మొదటి రోజే చెప్పే పాఠం ఇది.

అంటే మావ నీళ్లు చిలకరించినప్పుడు ఆయిలు నూట నలభై దాటి ఉంది.

శనివారం షెడ్డుకు వెళ్లాను. చెప్పడానికే వెళ్లాను, నమ్మండి. నేను నోరు తెరిచేలోగా ఆయనే అందుకున్నాడు. మొన్న నలుగురిలో మీటరును తప్పు పట్టకుండా ఉండాల్సిందని, చదువుకున్నవాడివి, నీకే తెలుస్తుందని అన్నాడు. టీ తెప్పించాడు. తాగాను. అప్పుడైనా చెప్పొచ్చు కదా? ఒక్క వైరు మార్చడానికి గంట చాలు. గంట పనికి ఒక మనిషిని ముంచుతానా అని ఇప్పుడు అనిపిస్తుంది, కానీ ఆ రోజు నాకు కనిపించింది మావ కాదు, అట్ల పెనం అని నవ్విన నా మొహమే. అదే నలుగురి ముందు ఆ మొహం పెట్టుకుని నిలబడాలంటే ప్రాణం ఒప్పుకోలేదు. మూడుసార్లు కొండెక్కేసరికి ఏమవుతుందిలే అనుకున్నాను. ఎంత సిగ్గుమాలిన లెక్క!

ఆదివారం మూడోసారి ఎక్కుతుంటే సగం దారిలో ఇంజను పట్టేసింది. బావ నేను నేర్పినట్టే, పక్క సీట్లో నేనూ చూస్తుండగా, ముల్లు చూసుకుంటూనే తొక్కాడు. దిగి వచ్చి మావను అందరి ముందూ కడిగేశాడు. ఇంజను కట్టడం రానివాడివి ఎందుకు ఒప్పుకున్నావని అరిచాడు. నేను తేలు కుట్టిన దొంగలా పక్కనే నిలబడ్డాను.

మావ నా వైపు తిరిగాడు.

“ముల్లు ఎంత సూపింది అల్లుడూ?”

“నూట పదిహేను మావా.”

“అంతేనా? ఆయిలు మాడిన వాసనొత్తంది కదా.”

“అంతే.”

“అయితే నానే ఎక్కడో సందు తక్కువెట్టేసినట్టున్నాను,” అన్నాడు.

నేను అబద్ధం ఆడలేదు చూడండి. ముల్లు చూపింది అదే. నిజమే చెప్పి మనిషిని ముంచడం ఎలాగో ఆ రోజు నేర్చుకున్నాను. తర్వాత మీటరు నేనే విప్పి తెచ్చేసుకున్నాను. ఎవరూ అడగలేదు.

బావ మాట గాజువాక అంతా పాకింది. మావ దగ్గరికి ఇంజను పనులు రావడం తగ్గింది. వచ్చినవీ ఆయన ఒప్పుకోలేదు. అది నన్ను ఎక్కువ బాధపెడుతుంది. జనం నమ్మకపోవడం ఒక ఎత్తు, తన పని మీద తనకే నమ్మకం పోవడం ఇంకో ఎత్తు. కొన్నేళ్ల తర్వాత నా స్కూటరుకు పంక్చరు వేయించుకోవడానికి ఆగితే, నీళ్ల తొట్టి ముందు ఆయనే కూర్చుని ఉన్నాడు. అక్కనీ బావనీ అడిగాడు. ట్యూబు నీళ్లలో తిప్పుతూ, తల ఎత్తకుండా అన్నాడు: “ఆ ఇంజను ఇప్పటికీ మనసులో ఇప్పి సూసుకుంతన్నాను అల్లుడూ. ఎక్కడ తప్పు సేసానో దొరకట్లేదు.” పని అయ్యాక డబ్బులిచ్చి, స్కూటరు ఎక్కి వచ్చేశాను.

ఆయన పోయాడని నిరుడు ఒక పెళ్లిలో తెలిసింది. చెప్పింది బావే. పాపం అన్నాడు. వెంటనే, కారు సంగతి గుర్తొచ్చి, మనిషి మంచోడేగానీ ఆ పని మాత్రం రాదు అన్నాడు. బంతిలో ఉన్నవాళ్లు నవ్వారు. నేను పప్పు కలుపుకున్నాను.

ఆ ఇంజను సన్నాసి మావ సరిగ్గానే కట్టాడు. దాన్ని కాల్చింది నా వైరు. రెండు రోజుల ముందే నాకు తెలుసు. మూడు ముక్కలు, అంతే. ఇన్నాళ్లకు కాగితం మీద పెట్టాను. ఎవరి క్షమాపణా అడగడం లేదు. ఇవ్వగలిగినవాడు లేడు, ఉన్నా అడిగే మొహం లేదు. గుండెల్లో కాస్త గాలి ఆడుతోంది, దానికి కూడా నేను తగనేమో.

పేర్లు మార్చాను. అయినా కొండదారీ, కారూ, అట్ల పెనం మాటా చదివితే బావ గుర్తుపట్టేస్తాడు. ఆయన చేతికి దొరికిన కాగితం చదవకుండా వదలడు. గుర్తుపడితే ఫోను చేస్తాడు. ఎత్తుతాను.