రెక్కలున్నవాడికి అంగీ

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో దాని పొగ ఎంత తియ్యగా ఉండేదంటే, పైనుంచి ఎగిరిన కాకులకు చీమలు పట్టేవి. ఇది నేను కళ్లారా చూశాను. మా వాడకట్టులో ఎవరూ నమ్మరు. నా మాటలు నమ్మే మనిషి ఒకప్పుడు ఒక్కతే ఉండేది, మా పక్కింటి అక్క. ముప్కాల్ కాలువ గట్టున పులి తిరుగుతోందని నేను ఊరికే ఒక మాట అంటే, భయపడి అక్కడ తన పుట్టింట్లో జరిగిన మేనల్లుడి తొట్టెల ఫంక్షన్‌కు కూడా పోలేదు. పులీ లేదు గిలీ లేదని తెలిశాక నాతో మాట్లాడటం మానేసింది. ఒకే పందిరి కింద మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుని బీడీలు చుడుతున్నా, నాకు కత్తెర కావాలంటే ఇంకొకరి చేతికిచ్చి పంపేది.

ఏడాది అలా గడిచాక, డిచ్‌పల్లిలో చదువుకునే నా మేనకోడలు ఒక లావుపాటి నవల తెచ్చి ఇచ్చింది. అట్ట మీద మంచుకోట, దాని ముందు నల్లని రెక్కల యువరాజు, అతని పక్కన జుట్టు విరబోసుకున్న ఒక పిల్ల. "అత్తా, షురూ జేస్తే కింద పెట్టవు" అంది. నాకొక ఉపాయం తట్టింది. నా కథలు మానేసి, అచ్చులో ఉన్నది ఉన్నట్టు చదివి వినిపిస్తే అక్క మళ్లీ నన్ను నమ్ముతుందేమో.

"నీ నోట్లకెల్లి వచ్చేది నేను వినను" అంది అక్క, నాతో కాదు, ఒళ్లోని బీడీల చాటతో.

"నా నోట్లకెల్లి కాదక్కా, బుక్కులకెల్లి."

"అయితే తంబాకు మీద చెయ్యి పెట్టి ఒట్టెయ్యి."

మాకు అన్నం పెట్టేది ఆ పొగాకే. దాని మీద ఒట్టు ఎవరూ ఆటకు వేయరు. వేశాను. మర్నాటి నుంచి మధ్యాహ్నాలు నేను చదవడం, నా చేతుల్లో పుస్తకం ఉందని మిగతా నలుగురూ తాము చుట్టిన బీడీలు తలా కొన్ని నా చాటలో వేయడం.

నవల నన్ను నట్టేట ముంచింది. అరవై పేజీలైనా యువరాజు ఆ పిల్ల కళ్లలోకి చూస్తూనే ఉన్నాడు. ఆమె గుండె దడదడలాడుతూనే ఉంది. ఆ కోటలో ఎవరూ అన్నం వండరు, బట్టలు ఉతకరు, ఎవరికీ పడిశం పట్టదు. ముందు ముందు బాగుపడుతుందేమోనని ఆదివారం చేతులు శుభ్రంగా కడుక్కుని, ఇంట్లో కూర్చుని ఆఖరుదాకా చదివాను. బాగుపడలేదు. సోమవారం మధ్యాహ్నం ఒకామె సీరియల్ టైమయిందని లేవబోయింది. అప్పుడు అక్క, ఏడాదిలో మొదటిసారి, నేరుగా నన్ను అడిగింది.

"గని, రెక్కలున్నోడు అంగీ ఎట్ల తొడుగుతడే?"

పుస్తకంలో దానికి జవాబు లేదు. అంగీ సంగతి రాసినవాళ్లకు తట్టనే లేదు. ఆ మాటే చెప్పి ఉండాల్సింది. కానీ అక్క నా ముఖంలోకి చూస్తోంది. ఆ చూపు మళ్లీ చాటలోకి దిగిపోతుందని భయం వేసింది.

"నిజామాబాద్... అంటే, మంచుకోట బజారులో ఒక ముసలి దర్జీ కలడు" అని చదివినట్టే చదివాను. "అతడు అంగీ వీపుకు గుండీలు పెట్టి కుట్టును."

లేవబోయినామె కూర్చుంది.

ఇక నన్ను పట్టేవాళ్లు లేకపోయారు. యువరాజు చెరుకు కొట్టడానికి పోయి తోటలో రెక్కలు ఇరికించుకున్నాడు. పిల్ల తల్లి అతనికి మక్కగట్క పెట్టి, రెక్కలకు ఆముదం రాసింది. పెళ్లిలో అప్పగింతల దగ్గర పందిరి కింద ఐదుగురమూ ఏడ్చాం, నాతో సహా.

మర్నాడు అక్క ఆ పుస్తకం చేతిలోకి తీసుకుంది. ఆమెకు చదువు రాదు. అట్ట మీద బొమ్మ చూస్తుందనుకున్నాను. పేజీల మూలలు ఒక్కొక్కటే తిప్పుతూ పోయి ఒకచోట ఆగింది.

"ఇటు దిక్కు అన్నిట్ల నీ బొటనేలు మరక ఉన్నది. అటు దిక్కు ఒక్కటి లేదు. అంత తెల్లగున్నది."

తంబాకు చేత్తో తిప్పిన కాగితం ఎలా ఉంటుందో ఆమెకు ఎవరు చెప్పాలి? కథ అల్లే ఊపులో నేను పేజీలు తిప్పడమే మరిచాను. పందిరి కింద కత్తెరలు ఆగిపోయాయి.

"బుక్కుల ఏమున్నదో చెప్పు."

"వాడు ఆమెను సూస్తడు, ఆమె వాన్ని సూస్తది. మిగిలింది రెండో భాగంల అని రాసిండ్రు."

"పెండ్లి?"

"కాలే."

"మరి నిన్న మేం ఏడ్సింది ఎవలి పెండ్లికే?"

"నేను జేసిన పెండ్లికి అక్కా."

అక్క లేచి లోపలికి పోయింది. ఈసారి శాశ్వతంగా పోగొట్టుకున్నాననుకున్నాను. నీళ్లు తాగి, మూతి తుడుచుకుంటూ వచ్చి తన చోట్లోనే కూర్చుంది.

"ఒట్టు తప్పినవ్. గది తప్పే" అంది. "నువ్వు కథ జెప్పినవని కాదు నా కోపం. నిజమని చెప్పి నన్ను ఆగం జేస్తవ్ సూడు, గందుకు. ఇగ నుంచి షురూ జేసే ముందుగాల 'ఇది నాది' అని చెప్పు. ఇనుడో ఇనకపోవుడో నా ఇష్టం."

"ఇది నాది" అన్నాను.

"ఊఁ, చెప్పు" అంది అక్క, కత్తెర నా చేతికే అందిస్తూ.

ఆ నవల రాసినవాళ్లు కనిపిస్తే నిలదీయాలని చాలా రోజులు అనుకున్నాను. ఇప్పుడు కనిపిస్తే చాయ్ తాగించి పంపుతాను. వాళ్లు ఒక్క దర్జీని పెట్టి ఉంటే నేను చదివి ఊరుకునేదాన్ని, అక్క విని ఊరుకునేది. అంతకన్నా ఎక్కువ అక్కకు రుణపడ్డాను. నన్ను అబద్ధాలకోరు అనడానికి ఊరంతా ఉంది. కథ చెప్పుకునే దారి చూపింది ఆమె ఒక్కతే.

దసరా సెలవులకు మేనకోడలు వచ్చింది. "అత్తా, రెండో భాగం దొరికింది, తేవాల్నా?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపే అక్క అందుకుంది.

"వద్దు బిడ్డా. మా దాంట్ల ఆ పొల్ల నీళ్లోసుకున్నది. పుట్టెటోనికి రెక్కలుంటయా ఉండయా, మేమే ఇంక తేల్చుకోలే."