పౌడరు రాసిన రబ్బర్లు

గల్ఫులో మీనా సల్మాన్ రేవు దగ్గర గోడౌన్లన్నీ డీజిలు కంపో తుప్పు కంపో కొడుతుంటే, మాది మాత్రం టాల్కం పౌడరు వాసన వేసేది. పెళ్ళివారి విడిదిలా ఉందని నేను వెక్కిరించేవాణ్ణి. మేము అమ్మేవి కారవాన్లు. కారు వెనక తగిలించుకుని లాక్కుపోయే చిన్న ఇళ్ళన్నమాట, మంచం, పొయ్యి, బాత్రూము అన్నీ అందులోనే. చలికాలం వస్తే ఇక్కడి కుటుంబాలు వాటితో ఎడారిలోకి వెళ్ళి వారాల తరబడి ఉండి వస్తాయి.

“అంతంత ఇల్లులెట్టుకుని కేంపులోన పడుకోడమేటి బాబూ? మనమంటే గతిలేక పడుకుంటన్నాం” అనేవాడు మా స్టోర్‌కీపరు.

ఆయనది సిక్కోలు వైపు సముద్రం పక్క ఊరు. నాకంటే ఇరవయ్యేళ్ళు పెద్ద. నేను బాబాయ్ అని పిలిచేవాణ్ణి. నేను ఆఫీసులో కాగితాల మనిషిని. వారంటీలు, ఒప్పందాలు, మంత్రిత్వ శాఖకు వెళ్ళే ఫైళ్ళు నా పని. ఆయనకు ఇంగ్లీషులో మాట్లాడటం రాదు, నాకు స్క్రూ తిప్పడం రాదు. నాకు నోరెక్కువ, ఆయనకు ఓపిక ఎక్కువ. అలా సరిపోయింది.

పౌడరు కథ ఏమిటంటే, కారవాన్ల కిటికీలకూ తలుపులకూ చుట్టూ రబ్బరు పట్టీలుంటాయి. కారవాన్లు తయారుచేసే కంపెనీ వాటిని అట్టపెట్టెల్లో మడిచి పంపేది. మొదటి ఎండాకాలానికే పెట్టెల్లో ఉన్నవి ఉన్నట్టే సగం పగిలిపోయాయి. అప్పటి నుంచి సరుకు రావడం ఆలస్యం, బాబాయి పెట్టెలన్నీ విప్పి, ప్రతి పట్టీకీ పౌడరు రాసి, తాళ్ళు కట్టి పొడుగ్గా వేలాడదీసేవాడు. ఒక్కోదానికి అట్టముక్క చీటీ కట్టి, పౌడరు రాసిన తేదీ దాని మీద వేసేవాడు. మూడు నెలలకోసారి మళ్ళీ రాసేవాడు. చెయ్యమని ఎవరూ చెప్పలేదు. చేశావా అని ఎవరూ అడగలేదు. పక్కనే కోల్డ్ స్టోరు అని పిలిచే కిరాణా కొట్టులో కొన్న పౌడరు డబ్బాల బిల్లు మీద సంతకం పెడుతూ నేను నవ్వేవాణ్ణి, అంతే.

ఆయన భార్య బుదైయాలో ఒక విల్లాలో ఇంటిపనికి ఉండేది. శుక్రవారం మధ్యాహ్నం సెలవు. క్యారేజీలో చేపల పులుసు తెచ్చేది. గోడౌను మెట్ల మీద ఇద్దరూ కూర్చుని తినేవాళ్ళు, నాకూ ఒక గిన్నె తీసిపెట్టేవాళ్ళు. ఆవిడ ఒప్పందం ఇంకా రెండేళ్ళుంది.

అప్పుడొచ్చింది ఉత్తరం. కంపెనీ మా ఏజెన్సీ తీసేసి వేరేవాళ్ళకు ఇస్తోంది. మా కఫీలు, అంటే మా వీసాలు చేతిలో ఉన్న యజమాని, లాయరు దగ్గరకు పరిగెత్తాడు, వెనకాల ఫైళ్ళు మోస్తూ నేను. మా ఒప్పందం సర్కారు దగ్గర నమోదైంది కాబట్టి కూరలో కరివేపాకులా తీసి పారెయ్యడం కుదరదని, మిగిలిన బళ్ళూ పార్టులూ కంపెనీ చేత వెనక్కి తీయించవచ్చని లాయరు చెప్పాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత ఆయన ఒప్పందంలో ఒక వాక్యం మీద వేలు పెట్టాడు. విప్పని పెట్టెల్లో, కంపెనీ కట్టిన కట్టుతో ఉన్న పార్టులే తీసుకుంటారట.

ఆ కాగితం నా బీరువాలోనే ఇన్నేళ్ళూ ఉంది. చదవాల్సినవాణ్ణి నేనే.

కఫీలు చెడ్డవాడు కాదు. నన్ను పిలిచి హిందీలో సూటిగా చెప్పాడు. “చూడు భాయ్, పార్టులు వెనక్కి వెళ్ళాయంటే నిన్నూ ఆ పెద్దాయన్నీ నా టెంట్ల షాపులో పెట్టుకుంటాను. వెళ్ళలేదా, ఖలాస్, ఇద్దరి వీసాలూ రద్దే.”

బాబాయి వెళ్ళిపోతే ఆవిడ ఇక్కడ ఒక్కతే ఉండాలి. ఆ శుక్రవారం ఆవిడే నాతో అంది. “వారానికోపాలి ఈ మనిసి కనబడితే సాలు, మిగతా ఆర్రోజులూ సాకిరీ సేసెయ్యగల్ను బాబూ. లేకపోతే నా వల్ల కాదు.”

పెట్టెలేవని బాబాయినడిగాను. ఒక్కటీ పారెయ్యలేదు. అన్నీ మడతపెట్టి అటక మీద దాచాడు. సరే, ఒప్పందంలో వాక్యం సంగతి చెప్పకుండానే, పట్టీలన్నీ తుడిచి, మడిచి, మళ్ళీ పెట్టెల్లో పెట్టి అంటించెయ్యమన్నాను.

“రాసిన సేత్తోనే తుడిసెయ్యమంటావా బాబూ?”

“తప్పదు బాబాయ్. చీటీలు కూడా పారెయ్యి.”

ఆయన తడిగుడ్డతో ఒక్కో పట్టీ తుడుస్తుంటే నేను చూడలేక ఆఫీసులోకి పోయి కూర్చున్నాను. వాసన పోవడానికి తలుపులు తెరిచిపెట్టి రెండు రోజులు ఫ్యాన్లు తిప్పాం. కంపెనీ టేపు లాంటిదే వెతికి తెచ్చింది నేనే.

తనిఖీకి కంపెనీ ఇంజనీరు వచ్చాడు, మర్యాదస్తుడు. ఏదో ఒక పెట్టె తీయించి పట్టీని వంచి చూశాడు, గోటితో నొక్కాడు, ఇంకో పెట్టె తీయించాడు. గల్ఫులో ఇంకోచోట ఇదే సరుకు అంతా పగిలిపోయి ఉంది, ఇక్కడ మాత్రం కొత్తదానిలా ఎలా ఉందని అడిగాడు. నన్ను కాదు, బాబాయిని చూసి అడిగాడు. ఆ ప్రశ్నను నేను తెలుగులో చెప్పాను.

బాబాయి మొహం వెలిగిపోయింది. అన్నేళ్ళలో ఆయన పని గురించి మొదటిసారి అడిగిన మనిషి అతనే. “పెట్టిలోన ఒగ్గేస్తే ఈ ఎండకి రబ్బరు సీలిపోద్ది బాబూ. అందుకే నానే అన్నీ ఇప్పేసి, పౌడరు రాసి, ఏలాడదీసినాను. మూడు నెల్లకోపాలి రాసినాను. మడత పడకూడదు, మడత దగ్గరే మొదలవుద్ది. సెప్పు బాబూ, అంతా సెప్పు.” చేతులతో రాసి చూపించాడు కూడా.

నాకు లాయరు వేలు పెట్టిన వాక్యం కళ్ళ ముందు ఆడింది. ఇంగ్లీషులో అన్నాను, “పెట్టెలు ఎప్పుడూ విప్పలేదంటున్నాడు. నీడలో పెట్టాడట. అంతే.”

ఇంజనీరు సంతోషంగా తలాడించి, కంపెనీ కట్టు గల్ఫు ఎండకు బాగా తట్టుకుంటోందని రిపోర్టులో రాసుకున్నాడు. సంతకం పెట్టమంటే పెట్టాను.

ఇంగ్లీషులో మాట్లాడటం రానివాడికి అర్థం కూడా కాదనుకోవడం నా తెలివితక్కువ. ఇన్నేళ్ళు గల్ఫులో చాకిరీ చేసిన మనిషికి నేనన్న ‘నెవర్’ అనే మాట తెలియకుండా ఉంటుందా? ఇంజనీరు కారు వెళ్ళేదాకా ఆగి, బాబాయి నెమ్మదిగా అన్నాడు.

“నాను సేసింది సెప్పమన్నాను. సెయ్యలేదని సెప్పినావు.”

“నీ కోసమే బాబాయ్. పిన్ని ఒక్కతే అయిపోతుందని...”

“తెల్సు బాబూ.” మళ్ళీ “తెల్సు” అని లోపలికి వెళ్ళిపోయాడు.

నిజం చెప్పి ఉంటే ఏమయ్యేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ ఇంజనీరు ఆయన భుజం తట్టి ఉండేవాడేమో. సరుకంతా తోసిపుచ్చి ఉండేవాడేమో. పిన్ని కోసమే అన్నానుగానీ, నా వీసా కూడా ఆ పెట్టెల్లోనే ఉంది. అది ఆయనకు చెప్పలేదు, సిగ్గేసింది.

టెంట్ల షాపులో రెండేళ్ళు ఇద్దరం పనిచేశాం. శుక్రవారాలు పులుసు వచ్చేది, నా గిన్నె నాకు వచ్చేది. బాబాయి చెప్పిన పని చేసేవాడు, చెప్పనిది ముట్టుకునేవాడు కాదు. ఎండలో పడి ఉన్న టార్పాలిన్ పక్కనుంచే నడిచి వెళ్ళిపోవడం నేను చూశాను. ఆ మనిషిని అలా చేసింది నేనే.

పిన్ని ఒప్పందం ముగిశాక ఇద్దరూ ఒకే విమానంలో ఊరికి బయల్దేరారు. సామాన్ కట్టడానికి బాబాయి గదికి వెళ్ళాను. బట్టల మధ్య ఒక బిస్కెట్ల డబ్బా ఉంది. మూత తీస్తే అట్టముక్కలు, తేదీలు వేసినవి. పారెయ్యమన్న చీటీలన్నీ అందులో ఉన్నాయి.

“ఇవెందుకు పిన్నీ?” అన్నాను.

“ఊర్లోన ఎవులైనా అడిగితే సూపడానికంట. అన్నేళ్ళు ఆ దేశంలోన ఏటి సేసినావని.”

నేను ఆయన కోసం టైపు చేయించి తెచ్చిన సర్టిఫికెట్టు నా చేతిలోనే ఉంది, కఫీలు సంతకంతో, ముద్రతో. పార్టులను కంపెనీ పెట్టెల్లోనే, ఒక్కటీ విప్పకుండా భద్రపరిచాడని ఇంగ్లీషులో రాయించాను. రిపోర్టుకు తేడా రాకూడదని జాగ్రత్తపడ్డాను మరి.

బాబాయి అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఏటని రాసున్నాది బాబూ?”

“రబ్బర్లన్నిటికీ పౌడరు రాసి కాపాడావని రాసుంది బాబాయ్.”

“అలగా” అన్నాడు. ఎన్నాళ్ళకో ఆ మొహం మళ్ళీ వెలిగింది. కాగితాన్ని జాగ్రత్తగా మడిచి, చీటీల మీద పెట్టి, డబ్బా మూత బిగించాడు.

ఆ ఊళ్ళో ఇంగ్లీషు చదవగలిగినవాళ్ళు ఉండే ఉంటారు.